ఏడుపుకు ఎర్ర సిరా

మనుషులు మనుషుల్ని ఏడిపించడం లోకంలో కొత్తేమీ కాదు. అల్లుళ్ళు మామల్ని ఏడిపిస్తారు, పిల్లలు పంతుళ్ళను ఏడిపిస్తారు, పంతుళ్ళు కాస్త ఓపిక పట్టి పరీక్షలప్పుడు బాకీ తీర్చుకుంటారు. కానీ ఒక ముసలమ్మను ఏడిపించి, ఆ ఏడుపు సరిగ్గా రాలేదని మళ్ళీ ఏడిపించినవాడు భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. పైగా అందుకు నా దగ్గర డిపార్టుమెంటు ముద్ర వేసిన అనుమతి కాగితం కూడా ఉండేది. ఆ ఘనకార్యం ఎలా మొదలై ఎక్కడ తేలిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. సగం దాకా నాకూ నవ్వే వస్తుంది.

ఎనభైల నాటి మాట. ఖమ్మంలో ఒక కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. కాలేజీ పేరు అడక్కండి, దాని కష్టాలు దానికి చాలు. నాకప్పుడు ముప్ఫై రెండేళ్ళు. డాక్టరేటు వచ్చి ఏడాది కూడా కాలేదు. పేరుకు ముందు 'డా' అని రాసి పక్కన చుక్క పెట్టేటప్పుడు కాగితానికి చిల్లు పడేంత గట్టిగా నొక్కేవాణ్ణి. నా సిద్ధాంత వ్యాసాన్ని మొత్తం చదివినవాళ్ళు ముగ్గురు. నేను, టైపు కొట్టినాయన, మా గైడు. గైడు సంగతి నాకిప్పటికీ కొంచెం అనుమానమే.

అలాంటి నన్ను పట్టుకుని, ఇక నువ్వు కూడా ఎం.ఫిల్. పిల్లలకు గైడువి అన్నారు. తిక్కలోడు తిరునాళ్ళకు పోతే ఎక్కా దిగా సరిపోయిందంటారు. తిక్క గైడుకు శిష్యులు దొరికితే రాయా కొట్టా సరిపోతుంది. పిల్లలు రాసేవాళ్ళు, నేను కొట్టేసేవాణ్ణి. ఒక ఎర్ర సిరా పెన్ను జేబులో ఉండేది, ఇంకొకటి అది అయిపోతే ఎలాగని సంచిలో ఉండేది. నేను దిద్దిన కాగితం చూసి మా ఆవిడ ఒకసారి, "వేలు తెగిందా ఏంటండీ?" అని దూది తెచ్చింది.

నావి మూడే సూత్రాలు. ఆధారం లేకుండా ఒక్క వాక్యం రాయకూడదు. చెప్పిన మాట మళ్ళీ చెప్పకూడదు. పరిశోధకుడు తన విషయానికి నాలుగు గజాల దూరంలో నిలబడాలి. మూడోది మా గైడు మాటవరసకు చెప్పాడు. నేను మాత్రం అడుగులు కొలిచి మరీ అమలు చేశాను. అదెలాగో ముందు ముందు తెలుస్తుంది.

నా మొదటి విద్యార్థిని పేరు సర్టిఫికెట్లలో కమల. ఇంట్లో కమ్లి. టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న లంబాడీ తండా పిల్ల. తండ్రి లాలు బొగ్గుబాయిలో పని చేస్తాడు. ఆ అమ్మాయి మొదటిరోజు నా బల్ల ముందు నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ గుర్తే. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏ విషయం మీద చేస్తావమ్మా?" అన్నాను, పెన్ను మూత తీస్తూ.

"ఏడుపు మీద సార్."

"ఎవరి ఏడుపు?"

"మా ఆడోళ్ల ఏడుపు సార్. ఢావ్లో అంటరు. లగ్గమై పోయేటప్పుడు పిల్ల ఒక్కొక్కలను పట్టుకొని పాట కట్టి ఏడుస్తది. తండ్రికొక తీరు, అన్నకొక తీరు, ఇంటి గడపకు కూడ ఒక తీరు. చానా రోజులకు కలిసినా గట్లనే ఏడుస్తరు. ఎవలన్న సచ్చిపోయినా ఏడుస్తరు. మా నాయనమ్మకు అన్ని వస్తయ్."

"నీకు వచ్చా?"

"రాదు సార్. ఆరో తరగతి నుంచి హాస్టల్ల ఉన్న."

రాదన్నందుకు నేను సంతోషించాను. రానివాడికే నిష్పాక్షికత ఉంటుందని అప్పటి నా నమ్మకం. ఈత రానివాణ్ణి గజ ఈతగాళ్ళ పోటీకి జడ్జీగా పెట్టినట్టన్నమాట.

ఆ అమ్మాయి ఇంకొక మాట కూడా చెప్పింది. పురిట్లోనే తల్లి పోతే నాయనమ్మ సోనాబాయే పెంచిందట. ఇప్పుడామెకు ఉబ్బసం ముదిరింది. పుస్తకం పూర్తయ్యాకే పెళ్ళి అని కమ్లి పట్టుబడితే, ముసలామె ఒక్క షరతు మీద ఒప్పుకుందట.

"పుస్తకం అయినంక, లగ్గం ముందల తన కాడ కూసుండి ఏడుపు నేర్చుకోవాలన్నది సార్. ఏడుపు రాకుంట నేను నిలబడితే, తల్లిలేని పిల్లకు ఏడుపు కూడ నేర్పలేదు ముసల్ది అంటరట. జల్దీ అయితదా సార్ పుస్తకం? ఆమెకు దమ్ము ఆగుతలేదు."

ఇంత మాట చెప్పిన పిల్లకు గురువన్నవాడు ఏం జవాబివ్వాలి? నేనిచ్చిన జవాబు ఇది. "ఇవన్నీ వ్యక్తిగత విషయాలమ్మా. వ్యాసంలోకి రాకుండా చూసుకో."

మిరపకాయ ఏరే రోజుల్లో తండాకు బయలుదేరాం. డిపార్టుమెంటు టేప్‌రికార్డరు తీసుకోవడానికి మూడు సంతకాలు పెట్టించుకున్నారు. కొత్త క్యాసెట్ ఒక్కటే ఇచ్చారు. తనకు రాని ఏడుపు, మెడకో టేప్‌రికార్డరు అన్నట్టు, ఆ బరువును నేనే భుజాన వేసుకున్నాను. శాస్త్రీయ పరికరాన్ని విద్యార్థుల చేతికివ్వకూడదు కదా. టేకులపల్లిలో బస్సు దిగి నడుస్తుంటే సగం దారిలోనే నా భుజం వంగిపోయింది, శాస్త్రం మాత్రం వంగలేదు.

తండాలో అడుగు పెట్టామో లేదో, ఒక గుడిసెలోంచి ఎముకల గూడులాంటి ముసలామె బయటికొచ్చింది. చేతినిండా తెల్లగాజులు. కమ్లిని చూడగానే మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి వాళ్ళూ అందుకున్నారు. నాకు అర్థమైపోయింది. ఎవరో పోయారు. సరిగ్గా ఈరోజే రావాలా మేం? వెంటనే చెప్పులు విప్పి, తల వంచి, పక్కన నిలబడ్డ లాలు చెయ్యి పట్టుకున్నాను.

"ఎప్పుడు జరిగిందండీ?" అన్నాను గొంతు తగ్గించి.

"ఏంది సార్ జరిగింది?"

"అదే... ఎవరు పోయారు?"

లాలు నా వంక, నా చెప్పుల వంక మార్చి మార్చి చూశాడు. "ఎవలూ పోలే సార్. పిల్ల వచ్చింది గద మూడు నెల్లకు. అందుకే ఏడుస్తుంది మా అమ్మ. అయిపోతది, చాయ తాగుదురు రాండ్రి."

కమ్లి మొదటిరోజే చెప్పింది కదా, చాలా రోజులకు కలిసినా ఏడుస్తారని. నేను దాన్ని కార్డు మీద రాసుకున్నాను కూడా. రాసుకున్నది కళ్ళముందు జరిగితే గుర్తుపట్టకపోవడమే పాండిత్యం.

చాయ తాగాక రికార్డరు నులక మంచం మీద పెట్టాను. సోనాబాయి దాన్ని చేత్తో ఒకసారి తట్టి చూసింది, ఆవు కొనేవాళ్ళు చూసినట్టు. లగ్గమప్పుడు పెళ్ళికూతురు ఏడ్చే ఏడుపు కావాలన్నాను. ఆమె కమ్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మెడ చుట్టూ చేతులు వేసుకుంది. నేను మీట నొక్కాను.

అప్పుడు ఆమె గొంతులోంచి వచ్చినదాన్ని ఏమనాలో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. మాటలు వాళ్ళ భాషలో ఉన్నాయి. తర్వాత కమ్లి చెప్పిన అర్థం ఇది. నన్ను ఎత్తుకున్న చెయ్యి సన్నబడ్డది హియా, ఆ చెయ్యి పట్టుకునే చెయ్యి పరాయి ఊరు పోతుంది హియా. ప్రతి వరుస చివరా ఆ 'హియా'. గుండె అని అర్థమట, అయ్యో అని కూడానట. నాయనమ్మ చాలా వరుసలు ఏడ్చాక ఆగి, మనవరాలి గడ్డం పట్టి పైకెత్తింది. నువ్వు అందుకో అని. కమ్లి గొంతు తడబడుతూ అందుకుంది. జీవితంలో మొదటిసారి ఆ పిల్ల ఢావ్లో ఏడ్చింది. ముసలామె కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా సంతోషం. సరిగ్గా అప్పుడే వెనక ఒక మేక అరిచింది, సోనాబాయికి దగ్గొచ్చింది.

"ఆగండి, ఆగండి," అన్నాను నేను.

ఇద్దరూ ఆగారు. మేక ఆగలేదు.

"కమలా, నీ గొంతు పడింది టేపులో. పరిశోధకురాలి గొంతు పడకూడదు. నువ్వు వెళ్ళి అక్కడ, నాలుగు గజాల దూరంలో నిలబడు. ఆ మేకను అవతల కట్టేయండి. అమ్మా, దగ్గు వచ్చేలా ఉంటే ముందే దగ్గేయండి. ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి ఏడవండి."

సోనాబాయి నా వంక తిరిగింది. "ఏడుపుకు మొదలుంటదా సారూ? అది వచ్చిన కాడి నుంచే వస్తది," అంది.

నేను మీట నొక్కి ఆపి, క్యాసెట్‌ను వెనక్కి తిప్పాను. ఉన్నది ఒక్క క్యాసెట్టే కదా, దాన్ని పాడైపోయిన ఏడుపుతో నింపితే ఎలా?

ఈలోగా ఇంకో విడ్డూరం. పెళ్ళిలేని ఇంట్లో పెళ్ళి ఏడుపు వినిపించేసరికి మిరప చేలల్లో ఉన్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. ఆడవాళ్ళ కొంగుల్లో మిరపకాయలు అలాగే ఉన్నాయి. చుట్టూ మూగి, కమ్లి లగ్గం మాకు చెప్పకుండా ఎప్పుడు కుదిరింది అని లాలును నిలదీశారు. ఇంట్లో కొత్త మగవాడు ఎవరా అని చూస్తే నేనొక్కణ్ణే కనిపించాను. తలపాగా చుట్టిన ఒక పెద్దాయన నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు.

"పిలగాడు గీయనేనా? వయసు జర ఎక్కువే గనపడుతుంది," అన్నాడు లాలుతో.

"కాదే తాతా, సారు," అంది కమ్లి నాలుగు గజాల దూరంలోంచి.

"సారయితే ఏంది, నౌకరీ ఉన్నది గద. కని బట్టతల వస్తుంది, చూసుకోండ్రి."

నాకు పెళ్ళయిందనీ, ఒక కూతురు కూడా ఉందనీ చెప్పుకోవలసి వచ్చింది. అయినా ఆయన నమ్మినట్టు లేదు. వెళ్తూ వెళ్తూ ఇంకోసారి వెనక్కి తిరిగి నా తల వైపు చూశాడు.

అందర్నీ పంపించాక సోనాబాయి మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఎదురుగా ఎవరూ లేరు, రికార్డరే ఉంది. ఆమె దాని మెడ చుట్టూ చేతులు వేయలేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి. రాగం మాత్రం ఎక్కడా తప్పలేదు. దగ్గు లేదు, మేక లేదు, మనవరాలు లేదు. కమ్లి దూరంగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. నాకెంత ఆనందమో. ఇంత శుభ్రమైన ఏడుపు మన డిపార్టుమెంటులో ఇంతవరకూ లేదు అనుకున్నాను. ఏడుపు అయిపోగానే మీట నొక్కేశాను.

ఇక్కడి దాకా నవ్వారు కదా. మంచిది. ఇక్కడి నుంచి నాకు నవ్వు రాదు.

కమ్లి అధ్యాయాలు రాసి తెచ్చేది. నేను ఎర్ర సిరాతో తిప్పి పంపేవాణ్ణి. 'మా నాయనమ్మ' అని రాసిన ప్రతిచోటా కొట్టేసి 'సమాచారదాత' అని రాశాను. 'ఈ పాట వింటే ఎవరికైనా ఏడుపొస్తుంది' అన్న వాక్యం పక్కన 'ఎవరు చెప్పారు? ఆధారం?' అని రాశాను. పాటల్లో ఉన్న హియాలన్నీ కొట్టేసి, మార్జినులో 'పునరుక్తి దోషం, ఒక్కసారి చాలు' అన్నాను. ఆ అమ్మాయి తీసుకెళ్ళి మళ్ళీ రాసుకొచ్చేది. మళ్ళీ రాసినదాంట్లో ఇంకో తప్పు దొరికేది. దొరక్కపోతే దొరికేదాకా నా దగ్గరే ఉంచుకునేవాణ్ణి. ఒక అధ్యాయం వేసవి సెలవులంతా మా ఇంట్లో బీరువా మీద ఉండిపోయింది. అడిగితే, "తొందరపడితే పరిశోధన కాదమ్మా," అన్నాను.

"తొందర నాకు కాదు సార్," అంది కమ్లి.

క్యాసెట్ కూడా నా దగ్గరే ఉండేది. పాటలు రాసుకోవడానికి డిపార్టుమెంటుకే రావాలి, నా ఎదురుగానే వినాలి. శుభ్రమైన ఏడుపు అయిపోగానే నేనే మీట నొక్కి ఆపేవాణ్ణి. ఒకరోజు ఆ అమ్మాయి చాలా మొహమాటపడుతూ అడిగింది.

"సార్, క్యాసెట్టు ఒక్క ఆదివారం ఇస్తరా? నా ఏడుపు నాకు వినిపియ్యమంటుంది నాయనమ్మ. బాయిల పనిచేసేటోళ్ల ఇంట్ల టేపు ఉన్నది, అడిగి తెస్త అన్నడు నాయిన."

"వ్యాసం సమర్పించేదాకా మూలాధారం బయటికి పోకూడదమ్మా. తర్వాత తీరిగ్గా వినిపిద్దాం."

"అవ్ సార్," అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నీ పుస్తకం ముందు అయితదా, నేను ముందు అయిపోతనా అని అడుగుతుంది సార్ ఆమె. ఏమని చెప్పాలె?"

నేను ఎర్ర పెన్నుతో తలగోక్కుంటూ, రెండు నెలల్లో అయిపోతుందని చెప్పమన్నాను. ఆ రెండు నెలలు నా ఎర్ర సిరా కిందపడి ఐదు నెలలయ్యాయి.

చివరి ప్రతి టైపు అవుతుండగా ఒకరోజు పొద్దున కమ్లి రాలేదు. అక్షర దోషాలు చూడాల్సిన రోజు. బాధ్యత లేని పిల్ల అని నేను స్టాఫ్‌రూములో అందరికీ వినిపించేలా అన్నాను. ఇంకో గంటకు ఇల్లెందు బస్సు కండక్టరు కాలేజీకే వచ్చి చెప్పాడు. తెల్లారేసరికి సోనాబాయి పోయిందట. పెనుబల్లి వైపు నుంచి ఆమె చెల్లెలు వచ్చేదాకా ఉంచుతారట.

కుర్చీలోంచి లేచాను. బీరువా తీసి క్యాసెట్ తీశాను. రికార్డరు తీశాను. ఈసారి సంతకాలు పెట్టలేదు. బతికి ఉండగా వినిపించనివాడు ఇప్పుడు ఎందుకు మోసుకెళ్తున్నాడని మీరు అడగొచ్చు. నేనూ బస్సులో అదే అడుగుతూ కూర్చున్నాను. ఆమె గొంతు వింటే పిల్లకు కాస్త ఊరటగా ఉంటుందని పైకి అనుకున్నాను. నిజానికి ఉత్త చేతులతో వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

సోనాబాయిని గుడిసె ముందు పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. ఈసారి నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. కమ్లి వాళ్ళలో లేదు. దూరంగా గుంజ పక్కన నిలబడి ఉంది. ఎంత దూరమో నేను కొలవక్కర్లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

లాలు నా దగ్గరికి వచ్చాడు. "పొద్దటి సంది గట్లనే నిలబడ్డది సార్. కన్నీళ్లు లేవు, మాట లేదు. దగ్గరికి రమ్మంటే, నాకు రాదు, నేర్చుకోలేదు అంటుంది. ఏడవకుంటే పిల్ల ఆగమైతదని ఆడోళ్లు భయపడుతుండ్రు. మీ మాట ఇంటది, మీరన్న చెప్పుండ్రి."

నేనేం చెప్పను? దూరం నిలబడమని నేర్పిందే నేను. రికార్డరు నేల మీద పెట్టి మీట నొక్కాను.

సోనాబాయి గొంతు వినగానే ఆడవాళ్ళు ఏడుపు ఆపి పెట్టె వైపు తిరిగారు. రాగం ఎక్కడా తప్పని, కన్నీళ్ళు లేని ఆ ఏడుపు మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా సాగింది. "గిది మా అక్క గొంతే, మా అక్క ఏడుపు కాదు," అంది ఎవరో వెనకనుంచి. చూస్తే పెనుబల్లి చెల్లెలు, అప్పుడే వచ్చింది. ఆమె నేరుగా నా దగ్గరికే వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని రాగం తీసింది. చావుకు వచ్చినవాళ్ళను వాళ్ళు అలా పలకరిస్తారు. సరిగ్గా అప్పుడు శుభ్రమైన ఏడుపు అయిపోయింది. రోజూ నేను మీట నొక్కే చోటు అది. నా చేతులు ఆమె చేతుల్లో ఉన్నాయి. క్యాసెట్ ముందుకే పోయింది.

టక్కుమని ఒక శబ్దం. ఆ వెంటనే మళ్ళీ సోనాబాయి.

ఇది వేరే ఏడుపు. ఆరోజు కళ్ళనిండా నీళ్ళతో ఏడ్చిన మొదటి ఏడుపు. దాని మీద రెండోది పడేసరికి ముందుభాగం చెరిగిపోయింది. కానీ రెండోది పొట్టిది. కన్నీళ్ళు లేని ఏడుపు త్వరగానే అయిపోతుంది. మొదటిదాని తోక అలాగే మిగిలిపోయింది, ఏ గైడూ చూడకుండా, ఎవరూ దిద్దకుండా. నాయనమ్మ ఒక వరుస, తడబడుతూ అందుకున్న కమ్లి ఒక వరుస. హియా. మేక అరుపు. దగ్గు. ఆ వెంటనే, చచ్చిపోయిన మనిషి ముందు, తండా అంతా వింటుండగా, నా గొంతు.

"ఆగండి, ఆగండి. కమలా, నీ గొంతు పడింది టేపులో..." నాలుగు గజాలు, మేక, దగ్గు అన్నీ వరసగా వచ్చాయి. "...ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి ఏడవండి."

భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. అందరూ నావైపు చూశారు.

"ఏడుపుకు మొదలుంటదా సారూ?" అంది పెట్టెలోంచి సోనాబాయి. "అది వచ్చిన కాడి నుంచే వస్తది."

ముందు తలపాగా పెద్దాయన నవ్వాడు. తర్వాత ఆడవాళ్ళు. కన్నీళ్ళు తుడుచుకుంటూనే, ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. మా ముసల్ది సచ్చి కూడ సారుకు జవాబు చెప్పిందని లాలు నవ్వుతూనే కూలబడి ఏడ్చాడు. ఆ నవ్వుల మధ్య కమ్లి నోటి మీది చెయ్యి తీసింది. నాలుగు గజాలూ నడిచి వచ్చి, నాయనమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. ఆరోజు నేను ఆగమన్న వరుస ఎక్కడ తెగిందో, సరిగ్గా అక్కడి నుంచి అందుకుంది. తప్పులు దొర్లాయి, రాగం తప్పింది, మాటలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఎన్ని హియాలో. ఒక్కటి కూడా ఎక్కువనిపించలేదు.

మర్నాడు కొట్టేసిన హియాలన్నీ నా చేత్తోనే మళ్ళీ రాశాను. సమాచారదాతను కొట్టేసి 'మా నాయనమ్మ' అని రాశాను. టైపిస్టు తిట్టుకుంటూ మళ్ళీ కొట్టాడు. వ్యాసం ఆ నెలలోనే వెళ్ళిపోయింది. అంత త్వరగా అయ్యే పనేనన్నమాట. క్యాసెట్ కమ్లికి ఇచ్చేసి, పోయిందని డిపార్టుమెంటుకు రాసిచ్చాను. నా జీవితంలో ఆధారం లేకుండా రాసిన మొదటి వాక్యం అదే.

మరుసటి ఏడు కమ్లి పెళ్ళికి వెళ్ళాను. బయలుదేరే ముందు ఆ పిల్ల ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడ్చింది. తండ్రిని, పెనుబల్లి నాయనమ్మను, గుడిసె గడపను. ఎవరు నేర్పారని నేను అడగలేదు. ఆ క్యాసెట్ అరిగిపోయి ఉంటుంది. వరుసలో నేనెక్కడో వెనక నిలబడ్డాను. కమ్లి నా దగ్గరికి కూడా వచ్చింది. నా చేతులు పట్టుకుని రాగం తీసింది. నాకు అర్థం కాలేదు. ఏమంటుందని లాలును అడిగాను.

లాలు కాసేపు నసిగాడు. "ఎర్రగీతల సారూ, మా నాయనమ్మను ఆగమంటివి, ఆగింది. సావును ఆగమనకపోతివి హియా... గట్ల అంటుంది సార్."

నేను తల వంచుకున్నాను.

"తిట్టు కాదు సార్ గది," అన్నాడు లాలు నా భుజం మీద చెయ్యి వేసి. "ఏడుపుల గట్లనే అంటరు. సొంతోళ్లనే అంటరు."

బదులు ఏడవడం వాళ్ళ మర్యాద. ఆడవాళ్ళంతా నావైపు చూస్తూ నిలబడ్డారు. నాకు రాగం రాదు, మాటలు రావు. అయినా వచ్చింది. మొదలెక్కడో తెలియలేదు, వచ్చిన కాడి నుంచే వచ్చింది.

కాబట్టి, మిగిలిపోయిన ఆ ఎర్ర సిరా సీసా మీద చెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఎవరి ఏడుపునూ దిద్దను. ఏడుస్తున్న మనిషిని నాలుగు గజాల అవతల నిలబడి చూడను. ఎవరినీ మధ్యలో ఆగమనను, మేక అరిచినా సరే.